ఆంగ్లేయుల ప్రజాగృహము

ఇంగ్లాండు దేశమున బీరు అమ్ము పానశాలకు పబ్లికు హౌసు అని పేరు. జనులు దానినే కుదించి పబ్బు అందురు. పబ్లికు హౌసనగా ప్రజాగృహము. గుడికి గాని, బడికి గాని, న్యాయస్థానమునకు గాని యీ పేరు పెట్టక ఆ జాతివారు పానశాలకు పెట్టుకొనిరి. ఆ పేరు నిరర్థకము కాదు. 1943లో మాస్ అబ్జర్వేషన్ అను పరిశోధక సంఘమువారు బోల్టను పట్టణపు పానశాలలను గూర్చి యొక గ్రంథము ప్రకటించిరి. సొంత యిండ్లను, పనిచేయు చోట్లను మినహాయించినచో, ఆ యూర నెక్కువమంది జనులు ఎక్కువ కాలము గడపునది పానశాలలలోనే యని వారందులో తేల్చిరి. చర్చియు, సినిమాయు, రాజకీయ సభయు దానికి వెనుకనే నిలిచినవి.

సంస్కారాభిమానులగు మన చదువరులకు ఈ గృహముతో నేమి పని యని కొందఱడుగవచ్చును. మద్యము చెడ్డది, మానవలెను, అంతటితో విచారణ ముగిసినదని వారి తలంపు. మేమును మద్యపానమును మెచ్చువారము కాము. అయినను ఇంగ్లాండు ప్రభుత్వము ఏడు శతాబ్దులుగా ఒకే పానీయమును ఒకప్పుడు నిర్బంధించినది, ఒకప్పుడు ప్రోత్సహించినది, ఒకప్పుడు తానే కాచి అమ్మినది. మద్యమును గూర్చి మాటలాడువారు ఈ సుదీర్ఘమైన పరీక్షా ఫలితములను చూడకుండుట తగదు. జనులెంత త్రాగుదురనునది వారి గుణము మీదనే కాక, అమ్మెడి యిల్లెవరిది, అమ్మకము పెరిగిన లాభమెవరికి చేరును అను వానిమీదను ఆధారపడి యుండునని యీ చరిత్ర చెప్పుచున్నది. దానిని చూపుటయే మా యుద్దేశము.

మొదట బీరన నేమో తెలిసికొందము. అది సారాయివలె బట్టిలో దింపునది కాదు. కల్లువలె చెట్టునుండి గీయునదియు కాదు. యవలను నానబెట్టి, మొలకెత్తించి, వేడిగాలిలో నెండబెట్టుదురు. ఇట్టి గింజకు మాల్టని పేరు. దానిని నలుగగొట్టి వేడినీట కలిపిన తియ్యని రసము దిగును. ఆ రసమును కాచి చల్లార్చి పులియబెట్టిన బీరగును. మన తల్లులు పసిబిడ్డలకై రాగులను మొలకెత్తించి పిండి చేయుటలోని మర్మమే యిందును గలదు. మొలకెత్తిన గింజయందలి పిండిపదార్థము సులభముగా చక్కెరగా మాఱును. ఆ చక్కెర బిడ్డకు బలమగును. పులిసినచో పెద్దవానికి మత్తగును.

మధ్యయుగములందు ఈ పని చాలవఱకు ఆడువారిది. అప్పటి పానీయమును ఏల్ అనెడివారు. గృహిణి తన యింటివారికై కాచి, మిగిలినదానిని ఇరుగుపొరుగువారికి అమ్మెడిది. అమ్మకమునకు సిద్ధమైనదని తెలుపుటకు వాకిట నొక కఱ్ఱ నిలిపెడిది. 1266 ప్రాంతమున పుట్టిన శాసనమొకటి ధాన్యపు వెలను బట్టి రొట్టెకును ఏలునకును ధరలు నిర్ణయించెను. ఆ పానీయమును రుచి చూచి, కొలత సరిచూచి, తప్పుచేసినవారిని న్యాయసభకు తెలుపుటకు ఊరూర నొక పరీక్షకుడుండెడివాడు. కావున నేడు పలువురు వినోదముగా చేయు బీరుల తారతమ్య విచారము ఆనాడొక ప్రజోద్యోగము.

పదునైదవ శతాబ్దమున సముద్రము కావలినున్న డచ్చి, ఫ్లెమిషు దేశములనుండి హాప్సు అను తీగ పువ్వు ఇంగ్లాండునకు వ్యాపించెను. దానిని రసములో వేసి కాచిన చేదును సువాసనయు కలుగును. అంతకంటె ముఖ్యమైనది, పానీయము త్వరగా చెడదు. హాప్సు లేని ఏలు కొద్దిదినములలోనే పులిసి పాడగును. హాప్సు చేరిన బీరు నెలలకొలది నిలుచును. నిలుచు సరకు దూరమునకు పోవును. దూరము పోవు సరకునకు పెద్ద కాగులును, పీపాలును, బండ్లును, అప్పు పుట్టించు పరపతియు కావలెను. ఆ కాలపు స్త్రీకి ఇవి యేవియు సులభముగా లభించునవి కావు. 1300 మొదలు 1600 వఱకు ఈ వృత్తి స్త్రీల చేతులనుండి పురుషుల చేతులకు మాఱిన విధమును జూడిత్ బెనెట్ అను చరిత్రకారిణి 1996లో ప్రకటించిన గ్రంథమున వివరించినది. లాభము స్వల్పమైనంతకాలము ఆ పని ఆడువారిది. లాభము పెరిగినంతనే అది మగవారి వ్యాపారమయ్యెను. ఇది ఒక్క బీరు కథయే కాదని మన చదువరులెఱుగుదురు.

1552లో పానశాల నడపుటకు న్యాయాధికారుల యనుమతి పొందవలెనని చట్టము పుట్టెను. కాని రెండువందల యేండ్లు గడచునప్పటికి ప్రభుత్వమునకు బీరుకంటె ఘోరమైన శత్రువు కనబడెను. అదియే జిన్ను అను తీక్ష్ణమైన సారాయి. 1736లో జిన్ను నమ్ముటకు ఏటికి 50 పౌనుల రుసుము విధించిరి. ఫలితమేమనగా, రుసుము చెల్లించినవారు అరుదు. దొంగతనముగా నమ్మినవారు అసంఖ్యాకులు. 1743లో ఆ చట్టమును రద్దుచేసిరి. మఱల 1751లో మితమైన నిబంధనలతో వేఱొక చట్టము చేసిరి. ఆ యేటనే హోగార్తు అను చిత్రకారుడు రెండు పటములను ముద్రించెను. జిన్ను వీధిని చూపు పటమున మత్తెక్కిన తల్లి చేతినుండి బిడ్డ జాఱిపడుచుండును. బీరు వీధిని చూపు పటమున పనివారందఱు పుష్టిగా నుందురు. కుదువ వ్యాపారి ఒక్కడే దరిద్రుడు. నాటినుండి బీరు త్రాగుట దేశాభిమాన లక్షణమైనట్లు తలంపబడెను. ఒక విషమును చూచి భయపడినవారికి మఱియొక విషము ఔషధమువలె కనబడుట చరిత్రమున పలుమాఱులు జరిగినది.

ఈ కాలముననే లండను నగరమున పోర్టరు అను నల్లని బీరు ప్రసిద్ధి కెక్కెను. బరువులు మోయు కూలీలు దానిని మిక్కిలి కోరుటచే ఆ పేరు వచ్చినదందురు. అది పెద్ద తొట్లలో నెలల తరబడి నిలువయుండి పక్వమగును. తొట్టి యెంత పెద్దదైన లాభమంత హెచ్చు. 1742లో వ్యాపారమారంభించిన విట్‌బ్రెడ్డు మొదలగువారు ఇట్లే మహాధనికులైరి. 1814 అక్టోబరు 17వ తేదీని టాటెన్‌హాం కోర్టు రోడ్డుప్రక్కనున్న మ్యూక్సు కంపెనీవారి కర్మాగారమున 22 అడుగుల యెత్తుగల తొట్టి యొకటి పగిలెను. పానీయపు వెల్లువ వెనుకనున్న బీదల పేటపై పడి యెనమండ్రను చంపెను. చచ్చినవారందఱు స్త్రీలును పిల్లలును. వారిలో కొందఱు ఆ సమయమున చనిపోయిన పసివాని శవమునొద్ద కూర్చుండి దుఃఖించుచున్నవారు. ఇది యాదృచ్ఛికమైన దుర్ఘటనయని జ్యూరీవారు తీర్మానించిరి. ఒలికిపోయిన బీరుమీద కంపెనీ అంతకుముందు చెల్లించిన సుంకము పార్లమెంటు దయచే తిరిగి లభించెను.

రుచుల తారతమ్యమును గూర్చి యిచట కొంత చెప్పవలసి యున్నది. లండను నీటిలో సున్నపు కార్బనేటు హెచ్చు. మాడ్చిన మాల్టుతో చేయు నల్లని పోర్టరునకు అది యనుకూలము. బర్టను పట్టణపు బావినీటిలో జిప్సము హెచ్చు. లేతవన్నెయు హాప్సు చేదును గల పేల్ ఏలునకు అది యనుకూలము. ఈ రెండవ రకముతో మన దేశమునకు సంబంధము కలదు. ఇచట నున్న తెల్లవారికై లండనులోని బౌ అను చోటినుండి హాడ్జ్‌సను కుటుంబమువారు దానిని ఓడలకెక్కించెడివారు. 1822 ప్రాంతమున బర్టనులోని ఆల్సాప్పు ఆ వర్తకమున ప్రవేశించెను. వెంటనే బాస్సు కంపెనీవారు అతని ననుసరించిరి. ఇండియా పేల్ ఏల్ అను పేరు ఇట్లు కలిగినది. బొహీమియాలోని పిల్సెను పట్టణపు నీరు మిక్కిలి మృదువైనది. 1842లో అచట యోసెఫ్ గ్రోల్ అను బవేరియావాడు బంగారు వన్నెగల లాగరు బీరును చేసెను. నేడు ప్రపంచమంతట సీసాలలో నమ్ముడగు బీరులలో అధికభాగము దాని సంతతియే. ఊరి నీటికిని ఊరి పానీయమునకును గల యీ సంబంధమును రసాయనవేత్తలు కనిపెట్టిన పిమ్మట జిప్సమును ఎచటి నీటనైనను కలుపగలిగిరి. అప్పుడు రుచి ఊరిని విడిచి కంపెనీని చేరెను.

1830లో వెల్లింగ్టను ప్రభువుగారి మంత్రివర్గము వింతయైన చట్టమొకటి చేసెను. పన్ను చెల్లించు గృహస్థు డెవడైనను రెండు గినీలు కట్టిన చాలును. న్యాయాధికారుల యనుమతి లేకయే తన యింట బీరు కాచి అమ్ముకొనవచ్చును. బీరుపై సుంకమును గూడ ఎత్తివేసిరి. జిన్నును ఓడించుట యొక యుద్దేశము. పెద్ద కంపెనీల గుత్తను విఱుచుట రెండవది. మొదటి ఆఱు నెలలలోనే 24,000కు పైగా అనుమతి పత్రములు జారీయయ్యెను. 1838 నాటికి ఆ దుకాణములు దాదాపు 46,000 అయ్యెను. ముందుగదులు, నేలమాళిగలు, కొట్లు బీరు దుకాణములుగా మాఱెను. జిన్ను చావలేదు. బీరుతో పోటీపడుటకై జిన్ను వర్తకులు అద్దములతోను దీపములతోను మెఱయు మేడలు కట్టిరి. రెండు వాడుకలును కూడ పెరిగెను. 1869లో అధికారమును మఱల న్యాయాధికారులకే అప్పగింపవలసి వచ్చెను.

ఈ దుకాణముల వెల్లువ నడుమనే 1832 సెప్టెంబరు 1వ తేదీని ప్రెస్టను పట్టణమున జోసెఫ్ లివ్సీయు మఱి ఆఱుగురును, బీరుతో సహా మత్తుగొలుపు పానీయముల నన్నిటిని విడిచెదమని ప్రతిజ్ఞా పత్రమున సంతకములు చేసిరి. అంతకుముందటి మితపాన సంఘములు సారాయిని నిందించి బీరును క్షమించెడివి. లివ్సీ జున్ను వర్తకుడు. కూలివారి బ్రతుకు నెఱిగినవాడు. బీరు భోజనమువంటిదన్న నమ్మకమును అతడు వీధివీధిని ఖండించెను. అతని యుద్యమము వేలకొలది కుటుంబములను నిలిపినది. ప్రతిజ్ఞ చేసినవాడు ప్రతిజ్ఞతోనే జీవింపగలిగిన చోట నది జయించెను. కాని త్రాగనిదే కూలి దొరకని చోట ప్రతిజ్ఞ యేమి చేయగలదు?

ఇది అతిశయోక్తి కాదు. థేమ్సు నదిపై ఓడలనుండి బొగ్గు దింపు కూలీలను పనికి పెట్టించువారు రేవునందలి పానశాలల యజమానులే. వారియొద్ద త్రాగినవానికి పని, త్రాగనివానికి పస్తు. వారాంతమున కూలి చెల్లించునదియు పానశాలలోనే. ముందు బాకీ కోసుకొని మిగిలినది చేతిలో పెట్టుదురు. 1843లో పార్లమెంటు చట్టము చేసి, పానశాలలతో సంబంధము లేని కార్యాలయము నొకదానిని స్థాపించి, ఆ కూలీలను అచటనే పనికి కుదుర్చునట్లు ఏర్పఱచెను. పానశాలలో కూలి చెల్లించుటను 1883 నాటి మఱియొక చట్టము దేశమునందలి పనివారి విషయమున సాధారణముగా నిషేధించెను. ఈ రెండు చట్టములును ఎవనిని త్రాగవద్దని చెప్పలేదు. కూలి డబ్బు పానశాల బల్లమీదుగా పోకుండ త్రోవ మాత్రము మార్చినవి. ఆ చిన్న మార్పువలన ఎన్ని యిండ్లలో శనివారపు రాత్రి పొయ్యి వెలిగినదో లెక్క వ్రాసినవారు లేరు గాని, గృహిణులకు అది తెలియకపోదు.

పందొమ్మిదవ శతాబ్దాంతమున బీరు కంపెనీలు పానశాలలను తామే కొనసాగిరి. ఇట్లు కొనబడినదానికి కట్టుబడిన గృహము అను నర్థమిచ్చు పేరు కలదు. అచట ఆ కంపెనీ బీరు తప్ప మఱియొకటి దొరకదు. పానశాల నడపువాడు పేరునకు యజమాని. అద్దె, బీరు వెల, అమ్మవలసిన మొత్తము అన్నియు కంపెనీ చేతిలోనివే. ప్రజాగృహము కంపెనీగృహమయ్యెను.

1914లో మహాయుద్ధము వచ్చెను. మఱుసటి యేడు మద్యనియంత్రణ మండలి యొకటి ఏర్పడి, మధ్యాహ్నపు వేళ పానశాలలను మూయించెను; ఒకరు మఱియొకరికి పానీయము కొనిపెట్టుటను నిషేధించెను. ఈ రెండవ నిబంధన మనకు చిత్రముగా తోచును. అచటి యాచారమేమనగా, ఐదుగురు స్నేహితులు చేరిన ఒక్కొక్కరు వంతు ప్రకారము అందఱికిని కొనవలెను. ఒక గ్లాసునకు వచ్చినవాడు మర్యాద కొఱకు ఐదు గ్లాసులు త్రాగును. ఇట్టి నిబంధనలవలనను, బీరు పలుచనగుటవలనను, వెల పెరుగుటవలనను, పురుషులు సేనలో చేరుటవలనను, త్రాగి శిక్షపడినవారి సంఖ్య ఇంగ్లాండు, వేల్సు దేశములలో 1914 నాటి 1,80,000కు పైబడిన మొత్తమునుండి 1918లో 30,000 లోపునకు దిగెను.

ఇంతకంటె సాహసమైన కార్యము కార్లైలు పట్టణమున జరిగినది. సమీపమున గ్రెట్నావద్ద పెద్ద మందుగుండు కర్మాగారము కట్టుచుండగా వేలకొలది కూలీలు ఆ యూరిపై పడిరి. 1916లో ప్రభుత్వము అచటి బీరు కర్మాగారములను, పానశాలలను తానే కొనెను. పెక్కు పానశాలలను మూసివేసెను. మిగిలినవాని గోడలపైనున్న బీరు ప్రకటనలను తీసివేయించెను. తరువాతి కాలమున హారీ రెడ్‌ఫర్ను అను శిల్పి కట్టించిన క్రొత్త పానశాలలలో కూర్చుండుటకు బల్లలు, వేడి భోజనము, కొన్నిచోట్ల బంతులాట మైదానము నుండెను. కుటుంబముతో వచ్చువారికి తలవంపు లేకుండెను. అన్నిటికంటె ముఖ్యమైనది జీతపు పద్ధతి. పానశాల నడపువానికి నిర్ణీతమైన జీతము. బీరెంత యమ్మినను అతనికి అదనముగా దమ్మిడీ రాదు. భోజనమును, మత్తులేని పానీయములును ఎక్కువ యమ్మినచో మాత్రము పైప్రతిఫలము. త్రాగింపవలెనను కోరిక యజమాని మనస్సునుండి ఉపన్యాసముచే కాక, లెక్కల పుస్తకముచే తొలగింపబడెను. యుద్ధము ముగిసిన పిదపయు ఈ యేర్పాటు నిలిచెను. 1971 నాటి చట్టము ననుసరించి 1973లో ఆస్తులను అమ్మివేయునంతవఱకు సాగెను. అది నష్టమున పడి మూతపడలేదు, లాభములోనే యుండెను. వ్యాపారము రాజ్యముయొక్క పని కాదని నాటి ప్రభుత్వము తలంచుటయే కారణము.

1946లో జార్జి ఆర్వెల్ అను రచయిత ఒక పత్రికలో తనకు నచ్చిన పానశాలను వర్ణించెను. అందు రేడియో మ్రోత లేదు, వెచ్చని నెగడు కలదు, చవకైన భోజనము కలదు. వెనుకతోట యుండుటచే తల్లి బిడ్డతో ఇంట నొంటిగా మిగులక తానును రాగలదు. తుదకు అట్టి పానశాల లేనేలేదని అతడే చెప్పెను. బీరుకంటె గృహవాతావరణమునకే అతడు ప్రాముఖ్యమిచ్చుట గమనింపదగినది.

1960 తరువాత ఆఱు పెద్ద కంపెనీలు ఇంగ్లాండు బీరును చాలవఱకు తమ చేతిలోనికి తెచ్చుకొనిరి. వడగట్టి, వేడిచేసి సూక్ష్మజీవులను చంపి, కార్బను ద్విఆమ్లజని వాయువును ఎక్కించిన బీరు లోహపు పీపాలలో దేశమంతట ఒకే రుచితో పాఱెను. 1971లో నలుగురు యువకులు దీనిపై నుద్యమమొకటి స్థాపించిరి, అదియే కామ్రా. పీపాలోనే సజీవముగా పులియుచు, బయటి వాయువు సాయము లేక దిగునదే నిజమైన ఏలని వారి వాదము. 1974 మొదలు మంచి పానశాలల పట్టికను గ్రంథముగా ప్రకటించుచు వచ్చిరి. లక్షకు మించిన సభ్యులు చేరిరి. మధ్యయుగపు పరీక్షకుని యుద్యోగమును త్రాగువారే మఱల చేపట్టిరన్నమాట. రుచి నెఱిగినవాడు మితముగా త్రాగునని మేము చెప్పజాలము. కాని కంపెనీ పోసినదానిని మాఱుపలుకక పుచ్చుకొనువానికిని, ఇది యెవరు చేసిరి, ఎట్లు చేసిరి యని ప్రశ్నించువానికిని భేదము కలదు.

ప్రశ్నింపవలసినది మాత్రము పానీయమొక్కదానినే కాదు. 1989లో గుత్తవ్యాపార విచారణ సంఘము, ఆ యాఱు కంపెనీలే దేశపు బీరులో నూటికి 75 వంతులు చేయుచున్నవని తేల్చెను. 2,000కు మించి పానశాలలున్న కంపెనీలు, మించినవానిలో సగము విడువవలెనని ప్రభుత్వము ఆజ్ఞాపించెను. విడిచిన పానశాలలు నడపువారి సొంతమగునని ఆశించిరి. అట్లు కాలేదు. బీరు కాచకయే పానశాలలను వేలకొలది కొను క్రొత్త కంపెనీలు పుట్టెను. కట్టుబాటు అట్లే నిలిచెను. 2016లో అద్దెదారుల రక్షణకై మఱియొక నియమావళిని చేయవలసి వచ్చెను.

ఈ చరిత్రను చదువునపుడు నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు జ్ఞప్తికి రాకమానరు. అక్షరములు నేర్చుకొనుచున్న ఆ కూలి స్త్రీలు 1992లో తమ మగవారికి నీతిబోధ చేయుచు కూర్చుండలేదు. సారా దుకాణమును మూయించిరి. వారిని చూచి ఇతర గ్రామముల స్త్రీలు సారా వేలముపాటలనే అడ్డగించిరి. 1993లో సారా నిషేధము, 1995లో సంపూర్ణ నిషేధము వచ్చినవి. 1997లో రెండవది సడలిపోయెను. 2019 అక్టోబరు మొదలు 2024 అక్టోబరు వఱకు ఆంధ్రప్రదేశ ప్రభుత్వము మద్యమును తన దుకాణములలోనే అమ్మి, పిదప ఆ పనిని మఱల ప్రైవేటు వర్తకులకు విడిచెను. కార్లైలు కథ యెఱిగినవారు ఇచట నొక ప్రశ్న వేయుదురు. దుకాణముపై ఎవరి పేరున్నదని కాదు. ఒక సీసా తక్కువ యమ్మిన దినమున నష్టపడువా రెవరు? నష్టపడువాడు వర్తకుడైనను, ఖజానాయైనను, ఆ నష్టమును పూడ్చుకొనుటకై త్రాగించు నుపాయము వెదకక మానడు.

మద్యమును మాన్పింప బూనినవారు త్రాగువాని మనస్సును మార్చుటకు చేయు యత్నము నెవరును కాదనరు. లివ్సీ మార్గము పూజ్యమైనది. కాని దానితోపాటు కూలి యేచోట చెల్లుచున్నదో, దుకాణమునకు అద్దె యెవరు తీయుచున్నారో, అమ్మువాని జీతము దేనిని బట్టి పెరుగుచున్నదో విచారింపవలెను. ఆడువారికి కూర్చుండ చోటులేని ప్రజాగృహము ప్రజాగృహమెట్లగును? సాయంకాలము పనివాడు అలసి నలుగురితో మాటలాడ దలంచినపుడు, మత్తు కొనకయే కూర్చుండదగిన చోటు మన యూళ్లలో నెన్ని కలవు? గ్రంథాలయమో, తోటయో, కాఫీ హోటలో, రచ్చబండయో, ఏదైన నొకటి ఊరూర నిలిపినవారు పానశాలకు నిజమైన పోటీ నిలిపినవారగుదురు. ఆ పని చట్టసభకై వేచియుండనక్కఱలేదు. మన వీధిలోనే మొదలిడవచ్చును.